చేనేత తగ్గింది ఎవరి వల్ల? ఆధునికీకరణ బాధ్యతపై తరగతిలో చర్చ నడిపే పద్ధతి

ఆధునికీకరణ వల్ల సంప్రదాయ సమాజాలకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అని తొమ్మిదో తరగతిలో అడిగి చూడండి. కొందరు సెల్‌ఫోన్ గురించి మాట్లాడతారు, కొందరు ఉమ్మడి కుటుంబాల గురించి. పది నిమిషాలకల్లా "రెండూ ఉన్నాయి, మనం సరిగ్గా వాడుకోవాలి" అనే మాట దగ్గర అంతా ఆగిపోతుంది. తప్పు పిల్లలది కాదు. ఆ ప్రశ్నలో మనిషి లేడు, నిర్ణయం లేదు, తేదీ లేదు. బాధ్యత గురించి వాదించాలంటే ఈ మూడూ ఉండాలి.

అందుకే ఒక నిర్దిష్టమైన ఉదంతం పట్టుకోవాలి. తెలుగు పిల్లలకు చేనేతను మించినది దొరకదు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, ధర్మవరం పేర్లు ఇంట్లో చీరల బీరువా ద్వారానే వాళ్లకు తెలుసు. చేనేతను కదిలించిన మార్పులు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల చేతుల మీదుగా వచ్చాయి. కొన్నిటిని నేతన్నలే కోరి తెచ్చుకున్నారు. పైగా ఆ వృత్తి ఇంకా బతికే ఉంది కాబట్టి "ఇప్పుడు ఎవరు ఏం చేయాలి" అన్న ప్రశ్నకు ఈ రోజుకీ అర్థం ఉంది.

ఈ పద్ధతి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పనికొస్తుంది. 40 మంది విద్యార్థులు, 45 నిమిషాల పీరియడ్లు ఏడు అనుకుని రాశాం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

మూడు గుడ్డ ముక్కలు సంపాదించండి. ఒకటి మగ్గం మీద నేసిన ఇక్కత్, రెండోది అలాంటి డిజైన్‌నే అచ్చు వేసిన మర మగ్గం బట్ట, మూడోది మామూలు చేనేత తువ్వాలు. జానెడు ముక్క చాలు. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు పట్టించి తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకే గాఢతతో ఉంటుంది. అచ్చు బట్టను తిరగేస్తే వెనక వెలిసినట్టు కనబడుతుంది. పిల్లలు ఈ తేడాను చేత్తో పట్టుకుని చూశాక వాళ్ల మాటల్లో ఊకదంపుడు తగ్గుతుంది.

తర్వాత తొమ్మిది సాక్ష్యం కార్డులు. ఒక్కో కార్డుకు ఒకే సంఘటన, 80 నుంచి 100 మాటలు. "దారుణంగా", "అద్భుతంగా" లాంటి మాటలు ఒక్కటి కూడా రానివ్వకండి. తీర్పు చెప్పే పని పిల్లలది. కార్డు అడుగున సమాచారం ఎక్కడిదో, ఏ ఏడాదిదో రాయండి. మా ఎంపిక ఇది:

1. మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు యూరప్‌కు వెళ్లే కాలంలో, 1700లోనూ 1721లోనూ బ్రిటన్ భారతీయ నూలు బట్టలపై ఆంక్షల చట్టాలు చేయడం. తర్వాత 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ మిల్లుల నూలు, బట్ట మన సంతల్లోకి రావడం.
2. ఫ్లై షటిల్. చేత్తో నాడె విసిరే బదులు తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెత్తే ఏర్పాటు. ఇంగ్లండ్‌లో 1733లో జాన్ కే కనిపెట్టాడు. 20వ శతాబ్దం తొలినాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ నేతగాళ్లు దీన్ని అందుకున్నారు.
3. 1985 జాతీయ జవుళి విధానం. మిల్లు, మర మగ్గం, చేనేత అని వేరువేరు రంగాలుగా చూడటం మాని, వడకడం, నేయడం, అద్దకం అనే దశలుగా పరిశ్రమను చూసింది.
4. అదే 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం. 22 రకాల వస్త్రాలను మగ్గానికే కేటాయించింది. మర మగ్గాల వాళ్లు కోర్టుకు వెళ్లారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. తర్వాత ఆ జాబితా 11 రకాలకు కుదించుకుపోయింది.
5. చిలపల నూలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు. మగ్గానికి నూలు చిలపల రూపంలో కావాలి, మర మగ్గానికి కోన్ల మీద కావాలి. స్పిన్నింగ్ మిల్లులు తమ నూలులో కొంత వంతు తప్పనిసరిగా చిలపలుగా ఇవ్వాలనే నిబంధన ఉంది. ఆ వంతు 50 శాతం నుంచి 2003లో 40కి, 2019లో 30కి తగ్గింది.
6. చేనేత గణన. 2009–10లో దేశంలో 43.31 లక్షల మంది, 2019–20లో 35.22 లక్షల మంది. ఇందులో నేసేవాళ్లతో పాటు అనుబంధ పనులవాళ్లూ ఉన్నారు. ఎక్కువ మంది స్త్రీలే.
7. ఆసు యంత్రం. దీని గురించి కింద వివరంగా.
8. సిరిసిల్ల. చేనేత నుంచి మర మగ్గాలకు మారిన ఊరు. సేటు నూలిస్తాడు, ఆసామి మగ్గాలు నడుపుతాడు, కార్మికుడికి మీటరు లెక్కన కూలి. మర మగ్గం వచ్చాక కూడా అక్కడ సంక్షోభం తప్పలేదు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇచ్చింది.
9. 2017 జీఎస్టీ, 2020లో అఖిల భారత చేనేత బోర్డు (కేంద్రానికి సలహాలిచ్చే సంస్థ) రద్దు.

మొదటి పీరియడ్: మార్పు ఒకటి కాదు, చాలా

గుడ్డ ముక్కలకు పది నిమిషాలు. తర్వాత బోర్డు మీద నాలుగు గడులు గీయండి: ఏ మార్పు, ఎప్పుడు, ఎవరు తెచ్చారు, ఎవరికి ఏమైంది. అయిదుగురికో గుంపు చొప్పున ఎనిమిది గుంపులు చేసి, ఒక్కో గుంపు చేత కనీసం నాలుగు కార్డుల నుంచి గడులు నింపించండి.

ఆసు కార్డు దగ్గర ఆగండి. ఇక్కత్ చీరకు రంగు వేసే ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పాలి. మీటరు దూరం చేతిని అటూ ఇటూ ఆడిస్తూ, ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు తిప్పాలి. ఆసు పోయడం అంటే ఇదే, నాలుగైదు గంటల పని. ఇళ్లల్లో ఇది ఆడవాళ్ల వంతు, భుజాల నొప్పులూ వాళ్ల వంతే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూసి దీనికి యంత్రం తయారు చేశారు. పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇదీ ఆధునికీకరణే. దీన్ని ఎవరూ పైనుంచి రుద్దలేదు, మగ్గం ఉన్న ఇంట్లోంచే పుట్టింది. ఒక విద్యార్థిని ముందుకు పిలిచి, రెండు నిమిషాల పాటు చేయి ఆ దూరం ఆడించమనండి. మిగతావాళ్లు లెక్కపెట్టాలి. ఎన్నొచ్చాయో బోర్డు మీద రాసి, తొమ్మిది వేలకు ఎంతసేపు పడుతుందో లెక్క కట్టించండి. "పాత పద్ధతే మంచిది" అన్న వాదన ఆ తర్వాత అంత తేలిగ్గా నోటికి రాదు.

రెండో పీరియడ్: బాధ్యతలో మూడు ప్రశ్నలు

అసలు పాఠం ఇదే. మిగతా ఆరు పీరియడ్లూ దీని మీద నిలబడతాయి, కాబట్టి తొందరపడకండి. "బాధ్యులు ఎవరు" అన్నప్పుడు పిల్లలు మూడు వేరు ప్రశ్నలను ఒకే ముద్దగా కలిపేస్తారు:

- ఎవరి వల్ల జరిగింది?
- ఎవరిది తప్పు?
- ఇప్పుడు ఎవరు సరిదిద్దాలి?

మూడింటికీ జవాబు ఒకరే కానక్కర్లేదు. నెల జీతంలో ఇల్లు నెట్టుకొచ్చే తల్లి పండక్కి చవకైన అచ్చు చీర కొంటుంది. మగ్గం చీర అమ్మకం ఒకటి తగ్గడానికి ఆమె కొనుగోలు ఒక కారణం. అది తప్పు అనగలమా? 2017లో సిరిసిల్లకు ఆర్డర్లిచ్చిన ప్రభుత్వం "ఈ సంక్షోభం మా తప్పు" అని ఒప్పుకుని ఇవ్వలేదు. సరిదిద్దే శక్తి ఉంది కాబట్టి ఇచ్చింది. ఈ రెండు ఉదాహరణలూ చెప్పి, మూడు ప్రశ్నల్లో ఏది ఎవరికి వర్తిస్తుందో పిల్లల చేతే చెప్పించండి.

తప్పు నిర్ణయించడానికి నాలుగు పరీక్షలు ఇవ్వండి. ఆ పని వాళ్లు చేశారా? ఫలితం ఇలా ఉంటుందని వాళ్లకు తెలుసా, తెలుసుకునే వీలుందా? వేరే దారి ఉందా? లాభం ఎవరికి చేరింది?

1985 విధానాన్ని ఈ పరీక్షలకు పెట్టి చూపించండి. చేసింది కేంద్ర ప్రభుత్వమే, సందేహం లేదు. తెలుసా? అదే ఏడాది 22 రకాల వస్త్రాలను మగ్గానికి కేటాయిస్తూ చట్టం వచ్చింది. రక్షణ లేకపోతే చేనేత నిలబడదని తెలియకపోతే ఆ చట్టం ఎందుకు తెస్తారని ఒక జట్టు అడగొచ్చు. రెండో జట్టు అదే చట్టాన్ని చేతిలోకి తీసుకుని, ప్రభుత్వం రక్షించే ప్రయత్నం చేసింది, కోర్టుకు వెళ్లి ఎనిమిదేళ్లు అడ్డుపడింది వేరేవాళ్లు అనొచ్చు. ఒకే కార్డు రెండు వైపులా పనిచేయడం పిల్లలు కళ్లారా చూడాలి. సాక్ష్యం తనంతట తాను మాట్లాడదని, దాన్ని బాధ్యతతో ముడిపెట్టే వాక్యం తామే కట్టాలని వాళ్లకు అర్థమయ్యేది ఇక్కడే.

మూడో పీరియడ్: ప్రతిపాదన రాయడం

ప్రతిపాదనలో చేసినవాడు, కాలం, "ప్రధాన" అనే కొలత, ఈ మూడూ ఉండాలి. "ఆధునికత చేనేతను నాశనం చేసింది" పనికిరాదు. ఈ రెండూ బాగా నడుస్తాయి:

"1985 తర్వాత చేనేత ఉపాధి తగ్గడానికి ప్రధాన బాధ్యత కేంద్ర ప్రభుత్వానిది."

"ఇక్కత్ నకిలీ బట్టల వల్ల నేతన్నలకు ఇప్పుడు జరుగుతున్న నష్టాన్ని సరిదిద్దే ప్రధాన బాధ్యత కొనుగోలుదారులది."

మొదటిది తప్పు గురించి, రెండోది సరిదిద్దడం గురించి. రెండింటినీ ఒకే ప్రతిపాదనలో కలిపితే జట్లు ఒకరి మాటకు ఒకరు జవాబివ్వకుండా పక్కపక్క దారుల్లో వెళ్లిపోతాయి.

తరగతిని 20 మంది చొప్పున రెండుగా విడదీయండి. ఒక సగం మొదటి ప్రతిపాదనపై, మరో సగం రెండోదానిపై వాదిస్తుంది. ఒకరు వాదించే రోజున మరొకరు న్యాయనిర్ణేతలు. ప్రతి సగంలో పది మంది చొప్పున రెండు జట్లు: ముగ్గురు మాట్లాడతారు, నలుగురు సాక్ష్యాలు అందిస్తారు, ముగ్గురు ఎదుటి జట్టు ప్రశ్నలను ముందే ఊహించి జవాబులు రాసిపెడతారు. ఎవరు ఏ వైపో చీటీ వేసి తేల్చండి. ఇష్టమైన వైపు ఎంచుకోనిస్తే, ఇంట్లో విన్న మాటలనే మళ్లీ చెబుతారు.

నాలుగో పీరియడ్: వాదన కట్టడం

ప్రతి వాదనకూ నాలుగు వాక్యాలు: మేం అనేది ఇది, సాక్ష్యం ఇది, కాబట్టి బాధ్యత ఫలానావాళ్లది, మీరు ఇలా అనొచ్చు కానీ దానికి మా జవాబు ఇది. మూడో వాక్యాన్ని దాదాపు అందరూ మింగేస్తారు. ఉదాహరణకు ఒక విద్యార్థి ఇలా రాస్తాడు: "చిలపల నూలు వంతు 50 నుంచి 30 శాతానికి తగ్గించారు. అందువల్ల చేనేత దెబ్బతింది." మధ్యలో మెట్టు లేదు. దాన్ని ఇలా దిద్దించండి: "చిలపల నూలు లేకపోతే మగ్గం ఆగుతుంది. మిల్లులు ఎంత ఇవ్వాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఆ వంతును తగ్గించిన నిర్ణయం దానిదే. కాబట్టి నూలు కొరతలో బాధ్యత దానిది." అప్పుడు ఎదుటి జట్టుకు కూడా పట్టు దొరుకుతుంది: మగ్గాలే తగ్గితే చిలపల అవసరమూ తగ్గింది కదా, కారణం ఏది, ఫలితం ఏది? ఇలాంటి ప్రశ్న పుట్టిందంటే చర్చ దారిలో పడినట్టే.

రాసింది చూసి చదవడానికి ఒప్పుకోకండి. అరచేయి అంత చీటీ మీద ముఖ్యాంశాలు మాత్రమే.

అయిదు, ఆరు పీరియడ్లు: చర్చ

ఒక్కో రోజు ఒక చర్చ. మొదటి వక్తలకు చెరి మూడు నిమిషాలు. తర్వాత చెరి రెండు నిమిషాలు ఎదుటి జట్టును ప్రశ్నించడానికి; ఇక్కడ ప్రశ్నే అడగాలి, ఉపన్యాసం కుదరదు. రెండో వక్తలకు చెరి మూడు నిమిషాలు. రెండు నిమిషాలు జట్లు మాట్లాడుకోవడానికి విరామం. మూడో వక్తలకు చెరి మూడు నిమిషాలు, ఖండన మాత్రమే, కొత్త సాక్ష్యం తేకూడదు. మొత్తం 24 నిమిషాలు. ఎనిమిది నిమిషాలు న్యాయనిర్ణేతలకు, అయిదు మీకు. మిగిలిన సమయం బెంచీలు జరపడానికే పోతుంది.

న్యాయనిర్ణేతల పత్రం 20 మార్కులకు: సాక్ష్యాన్ని బాధ్యతతో ముడిపెట్టడం 8, ఎదుటి వాదనకు సూటిగా జవాబు 6, వివరాల ఖచ్చితత్వం 4, మాట తీరు 2. మాట తీరుకు తక్కువ ఇవ్వడం కావాలని చేసిందే. మన బడుల్లో వక్తృత్వ పోటీల అలవాటు బలంగా ఉంది. గొంతు పెంచి, చేయెత్తి, పద్యంతో ముగిస్తే చప్పట్లు పడతాయి. ఇక్కడ ఆ అలవాటుకు మార్కులు పడకపోతేనే మెల్లగా మాట్లాడే పిల్లలు ముందుకొస్తారు.

చర్చ నడుస్తున్నంతసేపూ మీరు మాట్లాడకండి. తప్పుడు తేదీ వినబడినా రాసి పెట్టుకుని చివరి అయిదు నిమిషాల్లో చెప్పండి.

ఎక్కడ చెడుతుంది, ఎలా దిద్దాలి

"అందరూ బాధ్యులే" అనేది అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే జవాబు. వినడానికి న్యాయంగా ఉంటుంది, నిజానికి వాదన నుంచి తప్పించుకోవడం. దీనికి మందు: 100 చింతగింజలు ఇచ్చి బ్రిటిష్ పాలన, కేంద్రం, రాష్ట్రం, మిల్లు యజమానులు, మర మగ్గాల యజమానులు, మాస్టర్ వీవర్లు (నూలిచ్చి కూలికి నేయించేవాళ్లు), కొనుగోలుదారుల మధ్య పంచమనండి. ఏ ఇద్దరికీ సమానంగా రాకూడదు. పంచాక ఎవరికి ఎందుకు ఎక్కువ పెట్టారో చెప్పాలి.

"పూర్వం నేతన్నలు హాయిగా బతికారు" అనేది రెండోది. హాయి ఎవరికి? ఆసు పోసిన ఆడవాళ్లకా, సావుకారు దగ్గర బాకీ తీరని కుటుంబానికా? ఆ కాలపు సాక్ష్యం చూపమనండి. ఇదే మాటను తిరగేసి "చేనేత వెనకబాటుతనం, పోవడమే మంచిది" అనే పిల్లలూ ఉంటారు. వాళ్లను ఫ్లై షటిల్ కార్డు దగ్గరికి పంపండి. నేతన్నలు పనికొచ్చే మార్పును కాదనలేదని ఆ కార్డు చూపిస్తుంది.

గణన అంకెల దగ్గర జాగ్రత్త. 43.31 నుంచి 35.22 లక్షలకు అంటే 8.09 లక్షలు, దాదాపు 19 శాతం తగ్గుదల. ఇంతవరకే అంకె చెప్పేది. ఆ 8 లక్షల మందిలో ఎంతమంది గత్యంతరం లేక మానేశారో, ఎంతమంది పిల్లలు చదువుకుని ఇష్టపడి వేరే పనికి వెళ్లారో అది చెప్పదు. రెండోవాళ్ల విషయంలో తప్పు వెతకడానికే లేదు. ఏ జట్టైనా ఈ అంకెను కారణానికి రుజువుగా వాడితే ఎదుటివాళ్లు పట్టుకోవాలి. పట్టుకోకపోతే చివర్లో మీరు చూపించండి.

"అంతా బ్రిటిష్‌వాళ్ల వల్లే" అనే వాదనలో నిజం చాలా ఉంది, కొట్టిపారేయకండి. కానీ స్వాతంత్ర్యం వచ్చాక తీసుకున్న నిర్ణయాల గురించి, ఇప్పుడు ఎవరు సరిదిద్దాలన్న దాని గురించి ఆ జట్టు ఏమంటుందో అడగాలి.

అన్నిటికన్నా సున్నితమైన సంగతి ఇంకొకటి. మీ తరగతిలో పద్మశాలి, దేవాంగ కుటుంబాల పిల్లలు ఉండొచ్చు. తాతలు భివండీకో, షోలాపూర్‌కో, సూరత్‌కో వలస వెళ్లిన ఇళ్లు ఉండొచ్చు. "మీ ఇంట్లో ఎలా ఉండేదో చెప్పు" అని వాళ్లను నిలబెట్టకండి. వాళ్లే ముందుకొస్తే వినండి, కానీ ఆ మాటను చర్చలో సాక్ష్యంగా వాడనివ్వకండి. ఒక పిల్లవాడి ఇంటి కష్టాన్ని ఇంకొకడు ఖండించాల్సిన పరిస్థితి రాకూడదు. కులం పేర్లను వాదనలోకి తేకూడదని మొదటి రోజే చెప్పండి. నేత కార్మికుల ఆత్మహత్యలు ప్రస్తావనకు వస్తే ఆ విషాదాన్ని మార్కుల కోసం వాడే ఆయుధం చేయనివ్వకండి. అప్పు, కూలి, నూలు ధర అనే కారణాల వైపు మాట మళ్లించండి.

నేతన్నను తరగతికి పిలిస్తే చాలా మంచిది. మగ్గం ఆపి రావాలి కాబట్టి ఆ రోజు కూలి ముందే చేతికివ్వండి. పిల్లల ప్రశ్నలు రెండు రోజుల ముందు ఆయనకు చేరాలి. నూలు ఎక్కడి నుంచి వస్తుంది, ఒక చీరకు ఎన్ని రోజులు, ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు, ఏ మార్పును ఆయన స్వయంగా కోరుకున్నారు అనే ప్రశ్నలు బాగా పనిచేస్తాయి. చర్చకు ముందే పిలవండి, తర్వాత కాదు.

ఏడో పీరియడ్: రాత

ప్రతి విద్యార్థీ విడిగా 250 మాటలు రాయాలి. షరతు ఒకటే: తాను వాదించిన వైపుకు వ్యతిరేకంగా వచ్చిన వాటిలో అన్నిటికన్నా బలమైన వాదన ఏదో చెప్పి, దానివల్ల తన అభిప్రాయం ఎంతవరకు మారిందో రాయాలి. మారకపోతే ఎందుకు మారలేదో రాయాలి. "ఎవరి వల్ల", "ఎవరిది తప్పు", "ఎవరు సరిదిద్దాలి" అనేవి మూడూ విడివిడిగా కనబడితేనే పూర్తి మార్కులు.

ఇదే పద్ధతిని ఇంకో ఉదంతానికి వాడాలంటే

తర్వాతి టర్మ్‌కు పోలవరం ముంపు ప్రాంతాల కోయ, కొండరెడ్డి గ్రామాల ఉదంతం సరిపోతుంది. కానీ కార్డుల బరువు మారుతుంది. చేనేతలో చేసినవాళ్లు ఎవరో వెతకడానికే సగం సమయం పడుతుంది. పోలవరంలో నిర్ణయం ఎవరిదో స్పష్టమే: 2014లో దానికి జాతీయ ప్రాజెక్టు హోదా వచ్చింది, అదే ఏడాది ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కాబట్టి అక్కడ మొదటి రెండు పరీక్షలకు ఒక్క పీరియడ్ చాలు. వేరే దారి ఉందా, లాభం ఎవరికి చేరుతుంది అనే వాటికి రెండేసి పీరియడ్లు ఇవ్వండి. నీళ్లు అందే డెల్టా రైతులనూ, ఊరు వదిలిన కుటుంబాలనూ రెండు వేరు కార్డుల్లో పెట్టండి. 2013 భూసేకరణ చట్టంలో పునరావాసం గురించి ఏముందో మూడో కార్డులో ఇవ్వండి. ప్రతిపాదనను "ఎవరు సరిదిద్దాలి" అన్న ప్రశ్న మీదే రాయండి.